గిట్టకూ పదును చూడండి: కొండవాలు మేపు నిబంధనలు రాసే అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నాగలి కట్టే ముందు ఏ రైతయినా పిడికెడు మట్టి తీసి పిసికి చూస్తాడు. ముద్ద కట్టి వేళ్ళకు అంటుకుంటే ఆ రోజు దున్నడు. తడి మట్టిని దున్నితే పెళ్ళలు పెళ్ళలుగా లేచి, ఎండాక రాయిలా బిగుసుకుంటుందని తెలుసు. దీన్నే పదును చూడటం అంటాం. అదే రైతు, అదే రోజు, తన ఆవుల్ని మాత్రం కొండవాలు మీదికి తోలేస్తాడు. నేనూ ఏళ్ళ తరబడి అలాగే తోలాను. నాగలికి చూసే పదును గిట్టకు కూడా చూడాలని నాకు ఎవరూ చెప్పలేదు. మేపు గురించి మీరు రాసే నిబంధనల్లోనూ ఆ మాట కనబడదు. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను.

నాకు వాలు కింద చేను ఉంది, వాలు పైన మేసే పశువులూ ఉన్నాయి. కాబట్టి కాపరుల మీద నింద వేయాలని రాయడం లేదు, పశువుల్ని వెనకేసుకు రావాలనీ రాయడం లేదు. వాన పడ్డప్పుడల్లా పైనుంచి నా చేలోకి దిగే నీళ్ళు, ఆ నీళ్ళతో దిగే మట్టి ఎక్కడ బయల్దేరుతున్నాయో వెతుక్కుంటూ పోయిన మనిషిని. వెతగ్గా వెతగ్గా నాకు అర్థమైంది ఇది: వాలు చెడేది మంద పెద్దదైనందుకు మాత్రమే కాదు. నేల తడిగా ఉన్నప్పుడు మంద దాని మీద తిరిగినందుకు, తిరిగిన చోటే మళ్ళీ మళ్ళీ తిరిగినందుకు. నిబంధనలు చాలావరకు తలలు లెక్కపెడతాయి. ఇంత భూమికి ఇన్ని ఆవులు, ఇన్ని గొర్రెలు అంటాయి. లేదంటే అసలు అడుగే పెట్టొద్దంటాయి. తడి గురించి, బాటల గురించి, పశువు నీళ్ళు తాగే చోటు గురించి పట్టించుకునేవి తక్కువ.

ఒక వాన సంగతి చెబుతాను. మధ్యాహ్నం ఉన్నట్టుండి గట్టి వాన పట్టింది. పశువుల్ని దించుకు వద్దామని వాలెక్కాను. మంద ఎక్కి దిగే బాట చేను పక్కనుంచి నిట్టనిలువుగా పైకి పోతుంది. అంతకు ముందు రోజు కూడా వాన పడి ఉండటంతో, ఆ ఉదయం మంద ఎక్కినప్పుడు బాట నిండా గిట్టల గుంటలు పడ్డాయి. అవన్నీ చిన్న చిన్న ముంతల్లా నీళ్ళతో నిండి ఉన్నాయి. నేను చూస్తుండగానే ఒక గుంట అంచు తెగి నీళ్ళు కింది గుంటలోకి దూకాయి. అది నిండి దాని అంచూ తెగింది. కాసేపటికి గుంటలకు గుంటలు కలిసిపోయి ఒక దార అయింది. చిక్కటి మట్టినీళ్ళ దార. బాటకు నాలుగడుగుల దూరంలో ఒక ముళ్ళపొద ఉంది. పశువులు దూరలేవు కాబట్టి దాని కింద గడ్డీ, రాలిన ఆకూ అలాగే ఉన్నాయి. వంగి ఆకు పక్కకు జరిపి చూశాను. మట్టి తడిసింది, కానీ నీరు ఒక్క చుక్క కూడా పారడం లేదు. పడ్డది పడ్డట్టే లోపలికి పోతోంది. అదే వాలు, అదే మట్టి, అదే వాన. ఆ సాయంత్రం నా చేను గట్టు తెగింది. తెగింది సరిగ్గా ఆ బాట దిగే చోటే.

తర్వాత ఒక పని చేశాను. ఖర్చేమీ లేదు, మీరూ చేయొచ్చు. రెండు వైపులా మూత కోసేసిన పెద్ద రేకు డబ్బా తీసుకుని, దాని మీద చెక్క పెట్టి సుత్తితో కొట్టి, నాలుగు వేళ్ళ లోతు నేలలోకి దించాను. ముందు పొద కింద. ఒక లీటరు నీళ్ళు పోస్తే బుడగలు లేచి, గుటగుటమని లోపలికి పోయాయి. మళ్ళీ లీటరు పోశాను, అదీ పోయింది. అదే డబ్బా తీసుకెళ్ళి బాటలో దించబోతే సగం దిగేసరికే రేకు వంకర పోయింది. ఎలాగో దించి నీళ్ళు పోశాను. అవి డబ్బాలో అద్దంలా నిలబడ్డాయి. నేను కూర్చున్న చోటికి ఎండ వచ్చింది, లేచి నీడలోకి జరిగాను, మళ్ళీ వచ్చి చూశాను. నీళ్ళు అప్పటికీ ఉన్నాయి. ఆ రోజు నుంచి వాలు వైపు చూసే నా చూపే మారిపోయింది.

ఎందుకిలా అవుతుందో మీలో ఇంజనీర్లకు తెలియనిది కాదు. అయినా ఒకసారి కాపరి వైపు నుంచి చెప్పనివ్వండి. 400 కిలోల ఆవు కదలకుండా నిలబడితే ఒక్కో కాలి మీద సుమారు 100 కిలోలు పడతాయి. ఆ బరువంతా అరచేయంత కూడా లేని గిట్ట మీద. అంటే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో దాకా, అంతకు పైన కూడా. నడిచేటప్పుడు నాలుగు కాళ్ళూ ఒకేసారి నేల మీద ఉండవు కాబట్టి ఆ ఒత్తిడి ఇంచుమించు రెట్టింపు అవుతుంది. ట్రాక్టరు టైరు కింద పడే ఒత్తిడికి ఇది తీసిపోయేదేమీ కాదు. ట్రాక్టరు బరువు లోతుకు దిగుతుంది. గిట్ట దెబ్బ మాత్రం పైపైన, ఎక్కువగా జానెడు లోతు లోపే. కానీ వాన నీరు లోపలికి పోవాల్సిన తలుపులన్నీ ఆ జానెడులోనే ఉన్నాయి. వానపాములు తొలిచిన బెజ్జాలు, చచ్చిన వేళ్ళు వదిలిన గొట్టాలు, మట్టి రేణువులు గుంపు కట్టినప్పుడు మధ్యలో మిగిలే సందులు. తొక్కుడు పడితే ముందు మూసుకుపోయేవి పెద్ద బెజ్జాలే. సన్నవి మిగులుతాయి. అవి నీటిని పట్టి ఉంచగలవు గానీ గట్టి వానను మింగలేవు.

పొడి నేల ఈ దెబ్బను చాలావరకు తట్టుకుంటుంది. రేణువు మీద రేణువు ఆనుకుని బరువు మోస్తుంది. బాగా తడిసిన నేలలో రేణువుల మధ్య నీరు చేరి జారిపోయేలా చేస్తుంది, మట్టి నలిగి మెత్తటి పిండిలా అవుతుంది. ఎండాక ఆ పిండే పెచ్చు కడుతుంది. వాలు మీద ఇంకో ఇబ్బంది కూడా ఉంది. చదును నేల మీద గిట్ట నిలువుగా దిగుతుంది. వాలు మీద తడి ఉంటే గిట్ట జారుతుంది, జారుతూ పైమట్టిని గడ్డి వేరుతో సహా కిందికి నెడుతుంది. ఆవు ఒక్క అడుగు జారినప్పుడు చూడండి, చేటెడు మట్టి కిందికి జరుగుతుంది. అది వదులు మట్టి. వచ్చే వాన దాన్ని అప్పనంగా పట్టుకుపోతుంది.

నీటి లెక్క కూడా చెప్పుకుందాం. ఒక్క ఎకరం మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే అది సుమారు 2 లక్షల లీటర్లు. అందులో సగం ఇంకకుండా పారినా లక్ష లీటర్లు వాలు దిగాలి. ఇక మట్టి. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు మందం మట్టి కొట్టుకుపోతే అది సుమారు 5 టన్నులు. మిల్లీమీటరు అంటే ఓ పది కాగితాల మందం. ఏడాదికి ఆ మాత్రం పోతే కంటికి ఆనదు. నాకూ ఆనలేదు. చెట్ల వేళ్ళు బయటపడ్డాకే, రాళ్ళు ఏటికేడు పెరుగుతున్నట్టు అనిపించాకే తెలిసింది. రాళ్ళు పెరగడం లేదు, వాటి చుట్టూ ఉన్న మట్టి పోతోంది.

నేల మీద గడ్డి, ఆకుల కప్పు ఉంటే ఇదంతా మారిపోతుంది. పెద్ద వాన చినుకు సెకనుకు దాదాపు 9 మీటర్ల వేగంతో దిగుతుంది. వట్టి నేల మీద పడితే మట్టిని చిమ్ముతుంది, ఆ చిమ్మిన సన్న మట్టి వెళ్ళి మిగిలిన బెజ్జాలను పూడుస్తుంది. గడ్డి మీదో, రాలిన ఆకు మీదో, ఎండు పుల్లల మీదో పడితే చినుకు అక్కడే చితికిపోయి నెమ్మదిగా జారుతుంది. వాలు భూముల్లో నేల మీద కనీసం 70 శాతం కప్పు ఉండాలని ఆస్ట్రేలియాలో పశువుల రైతులకు చెబుతారు. కప్పు అంతకు తగ్గే కొద్దీ పారే నీరూ, పోయే మట్టీ ఒక్కసారిగా పెరిగిపోతాయి. పచ్చగా ఉండాల్సిన పని లేదు. ఎండిన గడ్డి మోళ్ళు కూడా కప్పే. మన కళ్ళు పచ్చదనం కోసం వెతుకుతాయి, నేలకు కావాల్సింది దుప్పటి.

ఇప్పుడు మీ తలల లెక్క దగ్గరికి వస్తాను. మ్యాపులో 100 ఎకరాలు ఉంటే 100 ఎకరాలకు సరిపడా పశువుల్ని అనుమతిస్తారు. ఆవు మ్యాపు చూసి మేయదు. వాలు నిటారుగా ఉంటే ఎక్కదు, నీళ్ళకు దూరమైతే పోదు. అమెరికాలో పచ్చిక బయళ్ళ మీద పనిచేసిన జెర్రీ హోలెచెక్ 1988లో ఒక పద్ధతి సూచించాడు. వాలు 10 శాతం లోపు, అంటే నూరడుగులు ముందుకు పోతే పదడుగుల లోపు ఎత్తు ఉంటే, భూమి మొత్తాన్నీ లెక్కలోకి తీసుకోవచ్చు. 11 నుంచి 30 శాతం ఉంటే పశువుల సంఖ్యలో 30 శాతం తగ్గించాలి. 31 నుంచి 60 శాతం వాలుకు 60 శాతం తగ్గించాలి. 60 దాటిన వాలును ఆవుల మేతకు లెక్కే కట్టకూడదు. నీటికి రెండు మైళ్ళు దాటిన భూమినీ అంతే. ఈ లెక్కన మీ 100 ఎకరాల్లో నిజంగా మేత ఇచ్చేది 40 ఎకరాలే కావచ్చు. కానీ 100 ఎకరాల మంద ఆ 40 మీదే నిలబడుతుంది. అది కూడా సమంగా కాదు. నీడ, నీరు, చదును ఉన్న నాలుగైదు చోట్లే గుమిగూడుతుంది. పేడా, మూత్రమూ అక్కడే పడతాయి. పైవాలు మీది సారమంతా మంద కడుపులో ఎక్కి కిందికి దిగుతుంది. పైన నేల బక్కచిక్కుతుంది, కింద వాగు పక్కన పేడ పేరుకుంటుంది, వాన వచ్చిన రోజు అది వాగులో కలుస్తుంది.

తలలు తగ్గించడం అనవసరం అని నేను అనడం లేదు. మంద మరీ ఎక్కువైతే ఏ పద్ధతీ కాపాడలేదు. మందను గుంపుగా, తక్కువ రోజులు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చుతూ మేపితే ఎన్ని పశువులైనా ఫరవాలేదని, గిట్టలే నేలను గుల్ల చేస్తాయని చెప్పేవాళ్ళు ఉన్నారు. ఆ మాట నన్ను కూడా బాగా ఆకర్షించింది. కానీ 1986లో టెక్సాస్ పరిశోధకులు ప్రచురించిన ఫలితం నా అనుభవానికే దగ్గరగా ఉంది. గడ్డి లేని బంకమట్టి నేల మీద అలా గుంపుగా తొక్కిస్తే నీరు ఇంకడం తగ్గింది, మట్టి పోవడం పెరిగింది. పశువులు ఎక్కువైన కొద్దీ నష్టం పెరిగింది. తొక్కేటప్పుడు నేల తడిగా ఉంటే ఇంకా ఎక్కువ. ముఖ్యంగా చివరి మాట: 30 రోజులు విడిచిపెట్టినా ఆ నేల కోలుకోలేదు. మార్చి మార్చి మేపడం మంచిదే. ఆ పని కూడా తడి చూసి చేయాలి, కోలుకునే దాకా ఆగాలి. క్యాలెండరు చూసి మందను మార్చితే సరిపోదు.

గడ్డి సంగతి కూడా ఇలాంటిదే. అమెరికా నేల సంరక్షణ విభాగంలో పనిచేసిన క్రైడర్ అనే ఆయన 1955లో గడ్డి కోసి వేళ్ళను గమనించిన ఫలితాలు ప్రచురించాడు. ఆకులో సగం దాకా తీస్తే వేరు ఎదుగుదల దాదాపు ఆగలేదు. 60 శాతం తీస్తే సగం వేళ్ళు ఆగిపోయాయి. 80 శాతం తీస్తే అన్నీ ఆగిపోయాయి, కొన్నాళ్ళ పాటు. సగానికీ, సగం కంటే కొంచెం ఎక్కువకీ మధ్య ఇంత తేడా ఉంటుందని నేను ఎప్పుడూ అనుకోలేదు. వాలు మీద వేరే మట్టిని పట్టి ఉంచే తాడు. పైన ఇంకో రెండు వేళ్ళ గడ్డి మిగిల్చితే కింద ఆ తాడు తెగకుండా ఉంటుంది. కాపరికి ఇది చెబితే అర్థం చేసుకుంటాడు. ‘సగం నీకు, సగం నేలకు’ అంటే చాలు. దీన్ని మీ నిబంధనల్లో ఒక్క వాక్యంగా రాయండి.

ఇక నిషేధం. వాలు చెడింది కాబట్టి పశువుల్ని పూర్తిగా ఆపేద్దాం అనేది మీకు తేలికగా తోచే దారి. నేలకు అది చాలాసార్లు మేలు చేస్తుంది, కాదనను. కానీ ఆ మంద మాయమైపోదు. కంచె వేసిన వాలు మీద దిగని మంద పక్క వాలు మీద దిగుతుంది. అక్కడ అప్పటికే ఉన్న మందతో కలిసి నేలను రెండింతలు తొక్కుతుంది. మీ రికార్డులో ఒక కొండ బాగుపడినట్టు ఉంటుంది, పక్క కొండ ఎవరి రికార్డులోనూ ఉండదు. భూమి లేని కాపరికి ఆ పశువులే ఆస్తి. ఏ దారీ చూపకుండా ఆపేస్తే అతను రాత్రిపూట తోలుతాడు. చీకట్లో నేల ఎంత తడిగా ఉందో అతనికి కనబడదు, కనబడినా ఆగే స్థితిలో ఉండడు.

హర్యానాలో శివాలిక్ కొండల కింద ఉన్న సుఖోమాజ్రీ కథ మీలో చాలామంది చదివే ఉంటారు. చండీగఢ్‌లో 1958లో కట్టిన సుఖ్నా చెరువు ఇరవై ఏళ్ళు నిండకుండానే ఒండ్రుతో పూడుకుపోతూ వచ్చింది. ఆ మట్టి ఎక్కడి నుంచి వస్తోందని చూస్తే పై కొండల మీద మేకలు, పశువులు ఇష్టానుసారం మేసే వాలుల నుంచి. నేల సంరక్షణ సంస్థలో పనిచేసే పి.ఆర్. మిశ్రా, ఆయన తోటివాళ్ళు కొండ మీద ఎన్ని పనులు చేసినా, ఊరి సహకారం లేనిదే అవి నిలబడేవి కావు. ఊళ్ళో చిన్న మట్టికట్ట వేసి వాన నీటిని నిలబెట్టాకే పరిస్థితి మారింది. ఆ నీళ్ళతో పంట పండేసరికి కట్ట పూడిపోకూడదన్న పట్టుదల ఊరివాళ్ళకే వచ్చింది. వాలు మీదికి పశువుల్ని తోలకూడదని వాళ్ళంతట వాళ్ళే ఒప్పందానికి వచ్చారు. ఆ నీటిలో భూమి లేని కుటుంబానికి కూడా సమాన వాటా పెట్టారు. నాకు ఆ కథలో అన్నిటికన్నా పెద్ద విషయం ఇదే అనిపిస్తుంది. వాలును వదులుకోమని ఎవరిని అడుగుతున్నామో, వాళ్ళకు వాలు నీటిలో వాటా ఇచ్చారు. ముళ్ళకంచె చేయలేని పని ఆ వాటా చేసింది. తర్వాత అక్కడ మేకలు తగ్గాయి, కట్టేసి మేపే గేదెలు పెరిగాయి, కొండ మీద గడ్డి కోసుకుని వాడుకునేంతగా పెరిగింది.

పూర్తిగా ఆపకుండానే బాగుచేసుకున్న వాళ్ళూ ఉన్నారు. బ్రిటన్‌లోని వేల్స్ కొండల్లో పాంట్‌బ్రెన్ అనే చోట గొర్రెలు పెంచే కొద్దిమంది రైతులు కలిసి, వాలుకు అడ్డంగా చెట్ల వరుసలు నాటి, ఆ వరుసల్లోకి గొర్రెలు రాకుండా కంచె వేశారు. మిగతా పచ్చికలో మేపు కొనసాగించారు. కొన్నేళ్ళకే శాస్త్రవేత్తలు వచ్చి కొలిస్తే, చెట్ల వరుస కింద నీరు ఇంకే వేగం పక్కనే గొర్రెలు తొక్కిన పచ్చికలో కంటే 60 రెట్ల దాకా ఎక్కువ ఉంది. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. నా ముళ్ళపొదా, బాటా లాగే. పైనుంచి పారివచ్చిన నీరు ఆ వరుస దగ్గరికి వచ్చి ఆగుతుంది, ఇంకుతుంది. వాలంతా విడిచిపెట్టే స్తోమత లేని వాళ్ళకు ఇది పెద్ద ఆశ. సరైన చోట, వాలుకు అడ్డంగా, సన్నటి పట్టీ విడిచినా చాలా నీళ్ళు నిలబడతాయి.

మిమ్మల్ని అడగాలనుకున్నవి ఇక సూటిగా అడుగుతాను.

మొట్టమొదట తడి రోజుల నియమం పెట్టండి. గట్టి వాన పడ్డ రోజు, ఆ తర్వాత నేల ఆరేదాకా, నిటారు వాలుల మీదికి మంద ఎక్కకూడదు. దీనికి యంత్రాలు అక్కర్లేదు. మనిషి తన మడమ మీద బరువంతా వేసి నిలబడితే మడమ దిగి గుంట పడితే, ఆ రోజు మంద ఎక్కకూడదు. తొలకరి రోజుల్లో మరీ జాగ్రత్తగా ఉండాలి. ఎండాకాలమంతా మేసి నేల వట్టిపోయి ఉంటుంది, కొత్త గడ్డి ఇంకా వేరు పట్టుకోదు, వానలేమో ఉధృతంగా పడతాయి. ఏడాది మొత్తంలో పోయే మట్టిలో చాలా భాగం ఇలాంటి కొద్ది వానలకే పోతుంది. ఏడాది పొడవునా మందను తగ్గించడం కంటే ఆ కొద్ది రోజులు మందను దించి ఉంచడం కాపరికి తేలిక, నేలకు మేలు.

అయితే ఆ రోజుల్లో పశువు ఏం తినాలి? దీనికి జవాబు లేకుండా నియమం రాస్తే అది కాపరి కడుపు మీద కొట్టడమే అవుతుంది. కాబట్టి మేత నిల్వకు డబ్బు ముందు పెట్టండి, నియమం తర్వాత పెట్టండి. తడి రోజుల్లో మందను నిలపడానికి చదునుగా, గట్టిగా, వాగుకు దూరంగా ఒక జాగా చూపించండి. అక్కడ ఎండుగడ్డి అందుబాటులో ఉండాలి. కందకాలు తవ్వడానికి పెట్టే డబ్బులో కొంత ఇటు మళ్ళించినా చాలు. కందకాలు వద్దని కాదు. కానీ పైన మంద తడి నేలను తొక్కుతూ ఉంటే కింద తవ్విన కందకం మట్టిని పట్టే గుంతగా మారిపోతుంది. ఒకటి రెండు గట్టి వానలకే పూడిపోయిన కందకాలను నేను నా కళ్ళతో చూశాను. కొత్తగా తవ్వినప్పుడు వాటి దగ్గర నిలబడి ఫోటోలు దిగిన వాళ్ళు, పూడాక వచ్చి చూసి ఉంటే బాగుండేది.

తర్వాత నీటి తొట్లు. పశువు నీళ్ళ కోసం వాగులోకి దిగినంత కాలం వాగు గట్లు నిలవవు. వర్జీనియాలో చేసి 1997లో ప్రచురించిన ఒక పరిశోధనలో, కంచె ఏదీ వేయకుండా, వాగుకు దూరంగా తొట్టి మాత్రం పెట్టి చూశారు. పశువులు నూటికి 92 సార్లు తొట్టిలోనే తాగాయి. వాగు గట్టు కోత 77 శాతం తగ్గింది. ఒక్క తొట్టితో! శుభ్రమైన నీళ్ళు, కాలికి బురద అంటని చోటు దొరికితే పశువు తనంతట తానే అటు పోతుంది. తొట్టి చుట్టూ కూడా నేల తొక్కుడు పడుతుంది, నిజమే. అందుకే రాళ్ళు పరిచిన చోట, చదునులో పెట్టాలి. ఉప్పు గడ్డలు కూడా అంతే. నీళ్ళ పక్కన కట్టొద్దు, మంద సాధారణంగా పోని పైభాగంలో కట్టించండి. మంద వాలంతా పరుచుకుంటుంది.

బాటల గురించి ఒక్క మాట. నిట్టనిలువు బాట అంటే నీటికి వేసిన కాలువే. కొత్త కంచెలకు గేట్లు పెట్టేటప్పుడు వాలు అడుగున, నీళ్ళు చేరే పల్లంలో పెట్టొద్దు. బాట వాలుకు ఏటవాలుగా, అక్కడక్కడా నీటిని పక్క గడ్డిలోకి తిప్పే అడ్డురాళ్ళతో ఉండేలా చూడండి. పాత బాట గాడి పడి ఉంటే దాన్ని మూసి ముళ్ళకంప పరిచి, వేరే దారి ఇవ్వండి. ఇదంతా రెండు రోజుల కూలి పని. నా చేను పక్క బాటను అలాగే మార్చాను. ఆ ముళ్ళకంప కింద మొలిచిన గడ్డి చూస్తే, ఎన్నేళ్ళు ఆలస్యం చేశానా అని బాధ వేస్తుంది.

పేడ పురుగుల గురించి కూడా చెప్పాలి. ఎవరూ పట్టించుకోరు, కానీ నాకు ఇష్టమైన విషయం. పేడ పురుగులు పేడను ఉండలు చేసి, బొరియలు తవ్వి లోపలికి తీసుకుపోతాయి. ఆ బొరియల గుండా నీళ్ళు ఇంకుతాయి. పైన పేడ మిగలదు కాబట్టి వాన దాన్ని వాగులోకి కొట్టుకుపోదు. ఆస్ట్రేలియా వాళ్ళ దేశపు పురుగులు ఆవు పేడను సరిగా వాడుకోలేకపోవడంతో 1960ల చివర్లో బయటి దేశాల నుంచి పురుగుల్ని తెప్పించి మరీ వదిలారు. మన పశువులకు మనం వేసే ఐవర్‌మెక్టిన్ లాంటి నులిపురుగుల మందు పేడలో మిగిలి ఈ పురుగుల పిల్లల్ని చంపుతుంది. మందు మానెయ్యమని కాదు. అవసరమైన పశువుకే, అవసరమైనప్పుడే వేయమని, వేసిన కొద్ది రోజులు ఆ పశువుల్ని వాలుకు దూరంగా ఉంచమని పశువైద్యుల చేత చెప్పించండి. గిట్ట మూసిన బెజ్జాలను ఎవరి జీతమూ తీసుకోకుండా మళ్ళీ తెరిచే జీవులు ఈ పురుగులూ, వానపాములే.

చివరగా కొలత. వాలు బాగుపడిందా లేదా అన్నది తవ్విన కందకాల పొడవుతోనో, నాటిన మొక్కల సంఖ్యతోనో తేల్చొద్దు. వానకు ముందూ, వాన తర్వాతా అదే చోట నేల మీద ఎంత కప్పు ఉందో చూడండి. వంద అడుగులు నడుస్తూ ప్రతి అడుగుకూ బొటనవేలి ముందు ఏముందో చెప్పుకుంటూ పోతే చాలు: గడ్డి, ఆకు, రాయి, వట్టి మట్టి. అదే నూటికి ఎంతో చెప్పేస్తుంది. బడి పిల్లలు కూడా చేయగలరు. దానితో పాటు నా డబ్బా పరీక్ష. ఈ రెండూ ఏటా అవే చోట్ల చేసి, అంకెలు కాపరులకు కూడా చూపించండి. నేను గమనించినంతలో, తాను మేపే నేల గురించి తనకు తెలియనిది ఎవరైనా చూపిస్తే కాపరి కోపం తెచ్చుకోడు. తనను అడక్కుండా నిర్ణయం తీసుకుంటే తెచ్చుకుంటాడు.

ఈ సంవత్సరం నియమాలు తిరగరాసే ముందు ఒక్కసారి వాలెక్కండి. ఎండలో వద్దు, గట్టి వాన వెలిసిన మర్నాడు రండి. డబ్బా, సుత్తి నేను తెస్తాను. మీరు నాలుగు లీటర్ల నీళ్ళు తెచ్చుకోండి. రెండు బాట మీద పోద్దాం, రెండు పొద కింద. కాపరులను కూడా పిలుస్తాను. నీళ్ళు ఇంకేలోపు, ఆ రోజు మంద ఎక్కడ నిలవాలో, దానికి మేత ఎవరు ఎక్కడి నుంచి తేవాలో అక్కడే కూర్చుని మాట్లాడుకోవచ్చు.

ఇట్లు,
కొండవాలు కింద సేద్యం చేసుకుంటూ, దాని మీదే పశువులు మేపుకునే ఒక రైతు